ఇంటికాడి సంగీతం

సంజీవ్ బహ్రెయిన్ నుంచి సెలవు మీద కోరుట్ల వచ్చాక మొదటి ఆదివారమే కూతురి సంగీతం క్లాసు చూసి వస్తానని తయారయ్యాడు. కూతురు సుస్మితకు ఏడేళ్లు. ఏడాదిగా ప్రతి ఆదివారం అతని భార్య శ్రీలత ఆ పిల్లను బస్సులో జగిత్యాల తీసుకెళ్తోంది. అక్కడ మానస అనే టీచరు ఒక మేడ మీద అద్దె గదిలో చిన్నపిల్లలకు పాట నేర్పుతుంది. పదిహేను మంది దాకా పిల్లలు, నేల మీద చాపలు, ఒక శ్రుతిపెట్టె, ఎప్పుడూ కిర్రుమంటూ తిరిగే ఫ్యాను.

క్లాసు జరిగినంతసేపూ సంజీవ్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ మొదలుపెట్టాడు.

"గిదేం క్లాసే? అందరు ఒక్కటేసారి లొల్లి పెడ్తున్నరు. మన బిడ్డ ఎనక వరుసల కూసొని పక్కపొల్ల జడ గుంజుతున్నది. గా మేడం ఒక్కసారన్న దీన్ని లేపి ఒక్కదానితోని పాడిపిచ్చిందా?"

అతను చెప్పింది నిజమే. గుంపులో గొంతు కలిపితే చాలు, ఎవరు తప్పు పాడారో ఎవరు ఊరికే నోరు ఆడించారో తెలియదు.

"ఆడ దానికి దోస్తులున్నరు," అంది శ్రీలత. "నలుగురితోని పాడితే బెరుకు పోతది గదా."

"దోస్తులకైతే బడి లేదా? ఇంటికచ్చి చెప్పుతరేమో అడుగుత. ఒక్కదానికే చెప్తే గంటల నేర్చుకునేది పావుగంటల అస్తది."

ఆదివారం క్లాసు తనకు కూడా ఎందుకు ఇష్టమో శ్రీలత అతనికి చెప్పలేదు. వారానికి ఆ ఒక్క పూటే ఆమె వంటిల్లు వదిలి బయటికి వెళ్లేది. బస్సులో కిటికీ పక్కన కూర్చునేది. క్లాసు అయ్యేదాకా మిగతా పిల్లల తల్లులతో మెట్ల మీద కూర్చుని, చీరల గురించీ బళ్ల గురించీ మాట్లాడుకునేది. చెప్తే "అయితే క్లాసు నీ కోసమా, బిడ్డ కోసమా?" అంటాడని తెలుసు. అలా అంటే తను తలవంచుకుంటుందనీ తెలుసు. ఆ రాత్రి పడుకున్నాక చాలాసేపు తన మీద తనకే కోపం వచ్చింది.

సంజీవ్ ఆ వారమే మానసకు ఫోన్ చేశాడు. ఆమె ముందు ఒప్పుకోలేదు. చిన్నపిల్లలు కలిసి కూర్చుంటేనే తాళం పట్టుబడుతుందని చెప్పింది. అతను వదలలేదు. మంగళవారం, శుక్రవారం కోరుట్లలో ఒక బడికి వస్తుంది కాబట్టి, తిరిగి పోయే ముందు సుస్మితకు ఇంటి దగ్గర చెప్పడానికి చివరికి సరేనంది. సంజీవ్ తల్లి గంగమ్మకు ఇది బాగా నచ్చింది.

"ఎండల బస్సు పట్టుకొని తిరిగే బాధ తప్పింది పోరికి. మేడమే ఇంటికస్తే మనకేం తక్కువ?" అంది.

నిజం చెప్పాలంటే నెల తిరిగేసరికి సుస్మిత బాగుపడింది. సరళీ స్వరాలు తడుముకోకుండా పాడుతోంది. పైస్థాయి స దగ్గర గొంతు జారితే మానస అక్కడికక్కడే ఆపి మళ్లీ పాడించేది. సంజీవ్ హాల్లో గోడకానుకుని కూర్చుని విని, క్లాసు అయ్యాక కూతుర్ని భుజాన ఎక్కించుకుని వాకిలంతా తిప్పేవాడు. ఆ రోజుల్లో శ్రీలతకు కూడా, ఆయన చెప్పిందే కరెక్టు అనిపించింది.

సెలవు అయిపోయే ముందు సంజీవ్ నిలువెత్తు ఫోన్ స్టాండు ఒకటి కొనుక్కొచ్చి హాల్లో నిలబెట్టాడు.

"క్లాసు టైముకు వీడియో కాల్ పెట్టుండ్రి. నా డ్యూటీ అప్పటికి అయిపోతది. రూముల మంచమెక్కి కూసొని చూస్త. దాని పక్కనే ఉన్నట్టు ఉంటది నాకు," అన్నాడు.

అది విని శ్రీలతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సుస్మిత చప్పట్లు కొట్టింది.

అతను వెళ్లాక కొన్నాళ్లు బాగానే సాగింది. క్లాసు మొదలుకాగానే స్టాండుకున్న ఫోన్లో బనీనుతో, చెవుల్లో వైర్లతో సంజీవ్ కనిపించేవాడు. సుస్మిత చాప మీద కూర్చుని ముందు తండ్రికి చెయ్యి ఊపేది, తర్వాత టీచరుకు దండం పెట్టేది. అదీ బాగానే ఉంది. కానీ అతను ఊరికే చూసేవాడు కాదు. "గట్టిగ పాడు బిడ్డా, ఇనవడ్తలేదు," అనేవాడు మధ్యలో. "మేడం, గది మల్లొక్కసారి పాడిపియ్యుండ్రి," అనేవాడు. ఆ తర్వాత తను కూడా తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు.

చిక్కు అక్కడే వచ్చింది. అతని చప్పుడు సముద్రం దాటి ఫోన్లోంచి బయటికి వచ్చేసరికి ఒక దెబ్బ ఆలస్యమయ్యేది. ఎదురుగా మానస చేతి దెబ్బ ఒకచోట పడితే, ఫోన్లోంచి తండ్రి దెబ్బ ఇంకోచోట పడేది. పిల్ల మొదట టీచరు చేతిని చూసి పాడేది, కాసేపటికి తండ్రి వైపు చూసి ఆయన దెబ్బకు సర్దుకునేది. మానస ఆపేది. "తాళం తప్పినవ్ సుస్మితా," అనేది. పిల్లకు తన తప్పేమిటో అర్థమయ్యేది కాదు. వచ్చిన పాఠాలే రాకుండా పోతున్నాయి.

ఇంకో పక్క స్టాండు కొంచెం కొంచెంగా జరగసాగింది. "వెలుగు పడ్తలేదు, జెర కుడి దిక్కు జరుపు," అన్నాడు ఒకరోజు. శ్రీలత జరిపింది. "గోడే కనవడ్తున్నది, ఇంక కొద్దిగ తిప్పు," అన్నాడు మరోరోజు. తిప్పింది. తర్వాత క్లాసు లేని రోజుల్లో కూడా "ప్రాక్టీసు చూస్త, ఫోన్ పెట్టు," అనేవాడు. ప్రాక్టీసు అయిపోయినా "ఉండనీ, ఇంట్ల ఉన్నట్టు ఉంటది," అనేవాడు. ఫోన్ అలా స్టాండుకే ఉండేది. శ్రీలత దాని ముందు నుంచే చెత్త ఊడ్చేది, బట్టలు మడతపెట్టేది.

ఒకరోజు ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఫోన్లోంచి అడిగాడు. "నీలం అంగీ ఆయన ఎవలే గేటు కాడికచ్చింది?"

"గ్యాసు బండ తెచ్చినాయన."

"బండ దించనీకి గంత సేపెందుకు పట్టింది?"

"పాత బండ ఎనక రేకుల కింద ఉంటే తెచ్చిచ్చిన. ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే."

ఊరికే అనే మాట శ్రీలత చెవిలో ముల్లులా ఉండిపోయింది. అయినా ఎడారిలో ఒంటరిగా ఉన్నాడు, ఇంటి ధ్యాస ఉంటుంది కదా అని తనకు తానే చెప్పుకుంది.

మరో వారానికి గంగమ్మ వంతు వచ్చింది. గంగమ్మ సాయంత్రాలు గేటు దగ్గర పక్కింటి విజయతో మాట్లాడుతూ నిలబడుతుంది. సంజీవ్ తల్లికి ఫోన్ చేసి, "అవ్వా, పొద్దూకులు గామెతోని ఏం ముచ్చట్లు నీకు? ఇంట్ల సంగతులన్నీ బయట పెడ్తున్నవా?" అన్నాడు. గంగమ్మ ఫోన్ పెట్టేసి కోడలి వైపు చూసింది.

"వానికెట్ల తెలిసిందే? నువ్వు చెప్పినవా?"

"నేనెందుకు చెప్త అత్తా?"

"మరి ఎవలు చెప్పిండ్రు? గాలి చెప్పిందా?"

అత్తాకోడళ్లు ఇద్దరూ ఆ పూట ఒకరితో ఒకరు ముభావంగా ఉన్నారు. ఒకరి మీద ఒకరికి అనుమానం.

ఆ శుక్రవారం క్లాసులో సుస్మిత జంట స్వరాలు పాడుతోంది. ఫోన్లో సంజీవ్ తొడ మీద గట్టిగా దెబ్బలు వేస్తున్నాడు. పిల్ల రెండు తాళాల మధ్య ఇరుక్కుని మూడుసార్లు ఆగిపోయింది. మానస ఓపిక పట్టి, ఫోన్ వైపు తిరిగింది.

"సార్, జెర మీరు తాళం ఎయ్యకుండ్రి. నెట్ల లేటయి అస్తున్నది, పాప గడబడ అయితున్నది."

"గడబడ నాతోని కాదు మేడం. నెల నుంచి గదే పాఠం. మీరు సరిగ చెప్తే ఎందుకు రాదు? నేను ఉన్నప్పుడు మంచిగనే అచ్చింది గదా?"

మానస ముఖం ఎర్రబడింది. సుస్మిత ఒకసారి టీచర్ని, ఒకసారి ఫోన్ని చూసి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. గంగమ్మ వచ్చి పిల్లను లోపలికి తీసుకుపోయింది. మానస శ్రుతిపెట్టె సంచిలో పెట్టుకుని లేచింది. శ్రీలత ఆమె వెనకే గేటు దాకా వెళ్లింది.

"ఏమనుకోకు మానసా. ఆయన మాట గంతే."

"అక్కా, మంగళవారం నుంచి నేను రాను," అంది మానస. "పాట గురించి నాలుగు మాటలంటే పడ్త. కానీ మొన్న సార్ నాకు ఫోన్ జేసిండు. నేను అచ్చినప్పుడు ఇంట్ల ఇంకెవలన్న ఉంటున్నరా, నేను పోయేటప్పుడు ఎవలన్న అస్తున్నరా అని అడిగిండు. నన్ను పాట చెప్పుమని పిలిచిండా, కావలి ఉండుమని పిలిచిండా? నీకు చెప్పొద్దనుకున్న. చెప్పకుంటే నాకు నిద్ర పడ్తలేదు."

శ్రీలతకు ముందు ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మానస వెళ్లిపోయింది. శ్రీలత గేటు వేసి, లోపలికి వచ్చి స్టాండు పక్కన నిలబడింది. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది. తెరలో సంజీవ్ చెవుల్లోంచి వైర్లు తీసేసి పక్కవాడితో ఏదో మాట్లాడుతున్నాడు. ఒక మూల చిన్న డబ్బాలో తమ ఇల్లు కనిపిస్తోంది. ఆమె దాని మీద వేలు పెట్టింది. ఆ బొమ్మ పెద్దదై తెరంతా పరుచుకుంది.

నట్టనడుమ వీధి తలుపు, తలుపు అవతల వాకిలి, వాకిలి చివర గేటు. పాట పాడే పిల్ల కూర్చునే చాప అంచు మాత్రం ఎడమవైపు చివర్లో కొంచెం కనిపిస్తోంది. అక్కడ కూర్చుంటే సుస్మిత భుజం కనిపిస్తుందేమో, ముఖం కనిపించదు. నెలరోజులుగా అతను చూస్తున్నది ఇదన్నమాట. కొద్దిగా జరుపు, కొద్దిగా తిప్పు అంటే ప్రతిసారీ జరిపింది, తిప్పింది తన చేతులే.

"సంజీవ్," అంది. పెళ్లయ్యాక అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

అతను ఉలిక్కిపడి తెర వైపు చూశాడు. "ఏందే?"

"నీ బిడ్డ ఏడ కూసుంటది పాటకు?"

"అదేం ప్రశ్న? చాప మీద."

"చాప కనవడ్తున్నదా నీకు?"

అతను పక్కవాడి వైపు ఓరగా చూశాడు.

"తలుపు కనవడ్తున్నది. గేటు కనవడ్తున్నది. గ్యాసు తెచ్చినాయన అంగీ రంగు కనవడ్తున్నది. బిడ్డ మొఖం కనవడ్తలేదు నీకు. బిడ్డ పాట చూస్తనని చెప్పి నన్ను కాపలా కాస్తున్నవా?"

"మెల్లగ మాట్లాడు. రూముల అందరున్నరు."

"ఇననియ్యి! మానస నీ ఇంటికి పాట చెప్పేటందుకచ్చింది. ఆ పొల్లను గూడ అడుగుతవా ఇంటికెవలస్తున్నరని? నాకు సిగ్గుతోని సచ్చినట్టయింది గేటు కాడ!"

"నీకు తెల్వది ఈడి ముచ్చట," అన్నాడు సంజీవ్. అతని గొంతు కూడా లేచింది. "రోజొకనికి ఫోనస్తది. వాని పెండ్లం గట్ల జేసింది, వీని పెండ్లం గిట్ల జేసింది అని. పొద్దుందాక గవ్వే ఇంటం. నిద్ర పడ్తదా? నా ఇల్లు నేను చూసుకుంటే తప్పేంది?"

"ఎవని పెండ్లమో ఏదో జేసిందని నన్ను కట్టేస్తవా? నీ రూముల నేనెన్నడన్న ఫోన్ పెట్టి చూసిన్నా? నువ్వు ఏడికి పోయినవ్, ఎవలితోని కూసున్నవ్ అని ఒక్కనాడన్న అడిగిన్నా?"

"నేను మొగోన్ని. పనికచ్చిన ఈడికి."

"నేను గూడ పనికే ఉన్న ఈడ. నీ అవ్వను, నీ బిడ్డను చూసుకునుడు పని కాదా?"

"ఎక్కువ మాట్లాడకు. ఫోన్ ఉన్న కాడనే ఉంటది. క్లాసు ఇంటికాడనే ఉంటది. గా మేడం రాకుంటే ఇంకొకామెను చూస్త."

శ్రీలత స్టాండు నుంచి ఫోన్ ఊడబీకి దివాను మీద బోర్లా పడేసింది. కింద నుంచి అతని గొంతు "ఓయ్, ఓయ్" అని వినిపిస్తూనే ఉంది. ఆమె దాన్ని తిప్పి కాల్ కట్ చేసింది.

తలుపు దగ్గర గంగమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఆమె మెల్లగా వచ్చి స్టాండును పైనుంచి కిందికి చూసింది.

"అయితే నా ముచ్చట వానికి గిదే చెప్పిందన్నమాట," అంది.

ఆ తర్వాత వారం దాటినా సంజీవ్ భార్యకు ఫోన్ చేయలేదు. తల్లికి చేశాడు. శ్రీలతకు బుద్ధి చెప్పమన్నాడు. గంగమ్మ అరుగు మీద కూర్చుని, వీధంతా వినేలా మాట్లాడింది.

"ఏమ్రా, మీ బాపు ఏండ్లకేండ్లు మస్కట్ల ఉన్నడు. నెలకొక్క ఉత్తరమచ్చేది. నన్ను ఎన్నడన్న ఎవలస్తున్నరని అడిగిండా? పొలంల ఎవుసం నేనే జేసిన, నిన్ను నేనే సాదిన. గిప్పుడు నువ్వు నన్ను గేటు కాడ నిలవడితే అడుగుతవా? విజయతోని మాట్లాడుత. రేపు గూడ మాట్లాడుత. ఏంజేస్తవ్?"

అటువైపు నుంచి ఏం జవాబు వచ్చిందో శ్రీలతకు వినిపించలేదు. గంగమ్మ మాత్రం ఫోన్ కోడలికి ఇవ్వకుండానే పెట్టేసింది.

ఆదివారం శ్రీలత సుస్మితను తయారుచేసి జగిత్యాల బస్సెక్కింది. సుస్మిత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అమ్మ జడ సర్దబోతే తల లాక్కుంది.

"డాడీ ఇంక క్లాసు చూడడా?" అని అడిగింది కాసేపటికి.

"చూడడు."

"ఎందుకు?"

ఏడేళ్ల పిల్లకు అసలు సంగతి చెప్పాలనిపించలేదు శ్రీలతకు. "నీకు తాళం తప్పుతున్నదని," అంది.

"అబద్ధం. నువ్వే డాడీ మీద ఒర్రినవ్. నువ్వే ఫోన్ బంద్ జేసినవ్. డాడీ చూస్తుంటే నాకు మంచిగుంటుండె. నువ్వు మంచిదానివి కాదు."

ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి చూసింది. శ్రీలత బస్సు కడ్డీని గట్టిగా పట్టుకుంది. పిల్ల మాటలో తప్పు లేదు. అతను ఒక్కడే చేసిన పనికి, బిడ్డ కోపం తను పడాల్సి వస్తోంది. అతని ముఖం ముందుంటే ఆ క్షణంలో ఏం అనేదో ఆమెకే తెలియదు.

జగిత్యాలలో మెట్ల దగ్గర మానస ఎదురైంది. పిల్లలు పైకి పరిగెత్తాక శ్రీలత ఆమెను పక్కకు పిలిచింది.

"ఆయన చేసిన దానికి నేను నీకు క్షమాపణ చెప్పుకుంటున్న. కానీ నీతోని గూడ ఒకటి చెప్పేదున్నది. ఎనక వరుస ముచ్చట ఆయన చెప్పింది నిజమే. ఏడాది పొద్దు నా బిడ్డ ఈడికచ్చింది. దాని గొంతు ఒక్కదాన్ని నువ్వు ఈడ ఎన్నడన్న ఇన్నవా?"

"ఇనలేదక్కా," అంది మానస.

"ముందు కూసున్నోళ్లనే చూస్తవ్ నువ్వు. డాక్టర్ల పిల్లలు, సార్ల పిల్లలు ముందు కూసుంటరు. మా అసొంటోళ్ల పిల్లలు ఎనక కూసొని నోరాడిస్తరు. అందుకే గదా ఆయనకు ఇంటికాడి క్లాసు అని నోరెత్తే సందు దొరికింది."

మెట్ల మీద కూర్చున్న తల్లులు మాటలు ఆపేసి వింటున్నారు. కింది మెట్టు మీదున్న పోశవ్వ, "నిజమే చెప్తున్నది. మా మనుమరాలు గూడ గంతే," అంది. మానస విసవిసా పైకి వెళ్లిపోయింది. ఆమెకూ కోపం వచ్చిందని నడకలోనే తెలిసింది.

కానీ ఆ రోజు పైన క్లాసు వేరేగా జరిగింది. గుంపు పాట అయ్యాక ఒక్కొక్కరి గొంతు విడివిడిగా కిందికి వినిపించసాగింది. శ్రీలత మెడ ఎత్తి వింటోంది. సుస్మిత వంతు వచ్చింది. మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. పిల్లలెవరో నవ్వారు. మానస గొంతు గట్టిగా వినిపించింది. "నవ్వినోళ్లు లేసి నిలవడుండ్రి. సుస్మితా, మల్ల పాడు." సుస్మిత మళ్లీ పాడింది. ఈసారి చివరిదాకా వచ్చింది. గొంతులో ఏడుపు ఉంది, తాళం మాత్రం తప్పలేదు. పోశవ్వ శ్రీలత మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాతి వారం నుంచి మానస పిల్లల్ని రెండు గుంపులు చేసింది. వరుసలు ప్రతివారం మార్చింది. తల్లిదండ్రులు ఎవరూ మెట్లు ఎక్కి పైకి రాకూడదని గోడ మీద రాసి పెట్టింది.

సంజీవ్ ఫోన్ చేసినప్పుడు నెల కావస్తోంది. మామూలు మాటలు నాలుగు అయ్యాక, "క్లాసు మల్ల జగిత్యాలకేనట గదా?" అన్నాడు.

"అవును."

"నన్నడగలే."

"నువ్వు నన్నడిగి ఫోన్ తిప్పిపిచ్చినవా?"

"నేను తప్పు జేసిన్ననే అనుకో," అన్నాడు. ఆ మాటలో ఒప్పుకోవడం కంటే విసుగే ఎక్కువగా ఉంది. "కానీ బిడ్డ పాట ఇనేది నాకు లేదా ఇగ?"

"ఎందుకు లేదు? అది పాడుతనంటే ఇను. నా ఫోన్ నా చేతిల ఉంటది. స్టాండు అటక మీద ఉన్నది."

"సెలవుకచ్చినప్పుడు నేనే జగిత్యాలకచ్చి క్లాసుల కూసుంట."

"రా. మెట్ల కాడ అందరం కూసుంటం, నువ్వు గూడ కూసో. పైకి ఎవ్వలిని రానిస్తలేదు మేడం."

"కన్నతండ్రిని గూడనా?"

"కన్నతండ్రిని గూడ."

అతను ఏదో అనబోయాడు. శ్రీలత వినదలచుకోలేదు. "ఇగో, నీ బిడ్డతోని మాట్లాడు," అని ఫోన్ సుస్మిత చేతికిచ్చి, పక్కనే నిలబడింది.

సుస్మిత ఫోన్ పట్టుకుని దివాను మీద కాళ్లు ఊపుతూ కూర్చుంది. "డాడీ, ఇయ్యాల నేను ముందు వరుసల కూసున్న," అంది. తర్వాత అటు నుంచి వచ్చిన మాట విని తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు పాడ. నాకు పాడబుద్ధయినప్పుడు నేనే ఫోన్ జేస్త."